ముల్లు పచ్చలోకి వాలిన పూట

తడిసిన నూలు వాసన. పసుపు రంగు ఆవిరి.

వరంగల్ అద్దకం మిల్లులో ఆ మధ్యాహ్నం ఆవిరికి కూడా తొందరే — సాయంత్రం మేడారం జాతర బస్సు.

ఆఖరి తొట్టి నూలుకు రంగు పడితే చాలు, గేటు తీస్తామన్నారు. పొద్దున్నే అందరూ మూటలతో వచ్చారు. మూటల్లో బెల్లం... అమ్మవార్లకు ఇచ్చే బంగారం అదే.

కానీ తొట్టి వేడి చూపే మీటరు మీద అనుమానం. నిన్నటి నూలు మచ్చలు మచ్చలుగా వచ్చింది. మీటరు సరిచూడందే నూలు ముంచేది లేదన్నాడు మేస్త్రీ సారంగపాణి.

సరిచూసే పని అరుణది. ఆ మిల్లులో మీటర్లు ముట్టిన మొదటి ఆడపిల్ల. భుజాన తోలు పట్టీ, పట్టీకి మీటర్లను సరిచూసే చిన్న పెట్టె. గోడ కరెంటు అడగని, సెల్లులతో నడిచే పెట్టె. ఏ తొట్టి దగ్గరికైనా ఆమెతో నడిచి వచ్చే పెట్టె.

ముందు సెల్లుల్లో బలం ఎంతుందో చూడాలి. బొత్తాం నొక్కింది.

పెట్టె మీది ముల్లు లేచింది... ఎరుపులోనే ఆగిపోయింది.

మళ్లీ నొక్కింది. ఎరుపే.

కొత్త సెల్లులు స్టోరులో ఉన్నాయి. స్టోరుకు తాళం. తాళంచెవి నిన్ననే స్టోరు మనిషితో మేడారం పోయింది.

కొందరు నవ్వారు. కొందరు మూటల వైపు చూశారు. అరుణ పెట్టె వైపు చూసింది — ఇంతమంది జాతర, ఇంత చిన్న ముల్లు మీద.

నూలు కండెలు చుట్టే రాజక్క తన మూట విప్పింది. చీర మడతల్లోంచి కొత్త టార్చిలైటు తీసింది. జాతర దారికని కొనుక్కున్నది. అడుగు మూత తిప్పి సెల్లులు అరుణ చేతిలో పెట్టింది.

"మరి తొవ్వల నీకు చీకటైతది గద, రాజక్కా."

"చీకటి నాకు కొత్తనా బిడ్డా? ముందు నీ ముల్లు లేవనీ."

అరుణ సెల్లులు వేసి, మూత బిగించి, నొక్కింది.

ముల్లు కదిలింది. ఎరుపు దాటింది. దాటి, దాటి — పచ్చలోకి వాలింది, వరి చేలో కొంగ వాలినట్టు.

పెట్టెతో సరిచూస్తే, తొట్టి మీటరు వేడిని తగ్గించి చెబుతోందని తేలింది. అరుణ మర తిప్పి సరిచేసింది. నూలు మునిగింది. లేచింది — ఒక్క మచ్చ లేని పసుపు!

గేటు తెరిచారు.

అరుణ సెల్లులు తీసి బస్సు దాకా పరుగెత్తింది. తలుపు దగ్గర నిలబడ్డ రాజక్కకు అందించబోతే, ఆమె సెల్లులతో పాటు చెయ్యీ పట్టుకుంది.

"నువ్వు గూడ రారాదూ బిడ్డా, మాతోని."

ఇంట్లో చెప్పలేదు. చీర నిండా రంగు మరకలు. హనుమకొండ బజారులో నాన్న దుకాణం కట్టేసేలోపు ఇల్లు చేరాలి...

డ్రైవరు హారన్ కొట్టాడు. లోపల ఎవరో జరిగారు, వాళ్ల పక్కన ఇంకెవరో జరిగారు. మనిషి పట్టేంత చోటు.

అరుణ ఒక కాలు మెట్టు మీద పెట్టింది. ఇంకో కాలు ఇంకా నేల మీదే —

నవ్వు మాత్రం అప్పటికే బస్సెక్కింది.