యుద్ధవిమానం ఎడమ పక్క

బసవపున్నయ్య ముప్ఫై ఏళ్ళలో నూట పద్నాలుగు కోటలు కట్టాడు. ఒక్కటీ మిగల్లేదు. ఇంద్రసభలు కట్టాడు, జమీందారు మేడలు కట్టాడు, కోర్టు హాళ్ళకైతే లెక్కే లేదు. షూటింగు ముగిసి గుమ్మడికాయ కొట్టిన మర్నాడే మేకులు పీకేసి, పనికొచ్చే చెక్క పక్కన పెట్టి, మిగతాది తగలబెట్టేవారు. తెర మీద పేరు పడేది కళాదర్శకుడికి. సెట్టు మేస్త్రీ పేరు సున్నం బస్తాల మీద కూడా ఉండదు.

మద్రాసులో ఉన్నన్నాళ్ళూ ఇది వృత్తిలో ఉన్నదేలే అని సరిపెట్టుకున్నాడు. పరిశ్రమతోపాటు తట్టాబుట్టా సర్దుకుని హైదరాబాదు వచ్చి, యూసుఫ్‌గూడలో రెండు గదుల్లో దిగి, ఫిల్మ్‌నగర్ బండల మధ్య మళ్ళీ అవే కోటలు మొదలెట్టాక మాత్రం ఆయనకి దిగులు పట్టుకుంది. యాభై ఎనిమిదేళ్ళొచ్చాయి. రేపు తను పోతే, ఇదిగో ఇది బసవపున్నయ్య కట్టింది అని వేలు పెట్టి చూపించడానికి ఈ భూమ్మీద ఒక అరుగు కూడా లేదు.

ఆ దిగుల్లో ఉండగానే, తొంభై రెండో సంవత్సరం నవంబరులో, చలపతిరావు కబురు పెట్టాడు.

చలపతిరావు బెజవాడలో సినిమాలు కొని, అమ్మి, ఆనక తనే తీసి, జూబ్లీహిల్స్‌లో బండ మీద మేడ కట్టుకున్న మనిషి. అంతకు ముందేడే ఢిల్లీవాళ్ళు లైసెన్సుల తలుపులు బార్లా తీశారు. తలుపు తీసుందంటే లోపలేముందో చూడకుండా దూరే రకం చలపతిరావు. స్నేహితులు సిమెంటు ఫ్యాక్టరీలూ చక్కెర మిల్లులూ పెట్టుకుంటుంటే అవి ఆయనకి మరీ చిన్నతనంగా తోచాయి. యుద్ధవిమానం పెట్టుకున్నాడు.

ఒక్కడే కాదు లెండి, ఒక విదేశీ కంపెనీతో భాగస్వామ్యం. ఆ దేశం పేరు ఇక్కడ అనవసరం. సంతకాల నాటికే అది రెండుగా విడిపోవడానికి రోజు నిర్ణయించుకుని కూర్చుంది. పద్నాలుగు నెలలు చర్చలు జరిగాయి. విమానం పేరులో ముందు మన మాట ఉండాలా వాళ్ళ మాట ఉండాలా అని నాలుగు నెలలు, తోక మీద ఏ రంగు అని మూడు నెలలు, మధ్యాహ్న భోజనాల్లో గుత్తివంకాయ ఉండాలా వద్దా అని రెండు సమావేశాలు. చివరికి ఒక్క మాట మీద ఇరుపక్షాలూ నిలబడ్డాయి. విమానంలో సగం మీరు కట్టాలి, సగం మేం కడతాం. ఏ సగం ఎవరిదని మాత్రం ఒక్కరూ అడగలేదు. అడిగితే విమానం గురించి మాట్లాడాల్సి వస్తుంది.

"పన్నెండు రోజుల్లో సంతకాలయ్యా పున్నయ్యా," అన్నాడు చలపతిరావు, వరండాలో ఉయ్యాల బల్ల మీద ఊగుతూ. "ఢిల్లీ నుంచి అధికారి వస్తున్నాడు. వాళ్ళు పంపాల్సిన నమూనా ఓడే ఎక్కలేదు. చూపించడానికి మన దగ్గర ఒక గోళీ కూడా లేదు. నువ్వు విమానం కట్టాలి. అసలు సైజులో."

"కట్టి, మర్నాడు పీకేస్తారాండీ?"

"పీకడమేంటి? ఫ్యాక్టరీ గేటు ముందు శాశ్వతంగా నిలబెడతాను. కింద రాయి మీద నీ పేరు చెక్కిస్తాను. నా మాట ఎప్పుడైనా తప్పానా?"

తప్పలేదు. ఆ ఒక్క గుణం చలపతిరావులో ఉంది, దాని ఫలితం ముందు ముందు తెలుస్తుంది. బసవపున్నయ్య ఉయ్యాల బల్ల దగ్గరికి వచ్చాడు. చలపతిరావు చేతులు రెండూ పట్టుకుని, సినిమాకి వాడే నాసి చెక్క ముట్టుకోను బాబుగారూ, టేకు వేస్తాను అన్నాడు. లేచి నాలుగడుగులు వేశాక, ముప్ఫై ఏళ్ళుగా ఏ సెట్టుకైనా ముందు అడిగే ప్రశ్న అలవాటుగా అడిగాడు.

"కెమెరా ఎటు పక్కండీ?"

"ఎడమ పక్క," అన్నాడు చలపతిరావు, ఆయనా అలవాటుగానే.

ఆ ప్రశ్నలో గానీ జవాబులో గానీ తేడా ఉందని ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు. కెమెరా చూడని గోడకి సున్నం వేసేవాణ్ణి పరిశ్రమలో పిచ్చివాడంటారు. రాజమహలు వెనక్కి వెళితే సర్వి కట్టెలూ, గోనెపట్టాలూ, వాటి నీడలో బీడీ కాల్చుకుంటున్న సైనికులూ ఉంటారు. పున్నయ్య లెక్క పున్నయ్యకుంది. పన్నెండు రోజుల్లో ఎడమ పక్క పూర్తిచేసి వేడుక గట్టెక్కిస్తే, తరవాత కుడి పక్క తీరిగ్గా, మనసు పెట్టి కట్టుకోవచ్చు. శాశ్వతంగా ఉండేదానికి తొందరేముంది?

చలపతిరావు మేడ వెనక, ఫిల్మ్‌నగర్ వైపు దిగే చోట, బండలు చదును చేయించిన స్థలంలో పని మొదలైంది. ఏదో విదేశీ పత్రికలో నాలుగు బొమ్మలు దొరికాయి. వాటిని గోడకి అంటించి, దారం పట్టి కొలతలు పెంచి, టేకు పక్కటెముకలు నిలబెట్టాడు. పైన ప్లైవుడ్, దాని మీద ప్లాస్టరు, ప్లాస్టరు మీద వెండి రంగు. రెక్క కింద క్షిపణులు రెండు. ఆ పదిరోజులూ ఆయన తిండి సరిగా తినలేదు. ముక్కు వంపు కుదరలేదని మూడుసార్లు పీకి కట్టాడు. కోటకి ఏనాడూ అంత చెయ్యలేదు.

ప్లాస్టరు పని కొమురమ్మది. రహమత్ నగర్ నుంచి నడిచొచ్చే ఆ మనిషి చేతిలో ప్లాస్టరు పాలరాయవుతుందని పేరు. పదకొండో రోజున చెయ్యి కడుక్కోవడానికి విమానం వెనక్కి వెళ్ళి, అక్కడే నిలబడిపోయింది.

"మేస్త్రీ, గీ పక్క ఏం లేదేంది?"

"కెమెరా అటు రాదు కొమురమ్మా."

"కెమెరా రాకుంటే రాకపాయె. మనుషులు గూడ రారా?"

"మనుషులు కుర్చీల్లో కూచుంటారు. కుర్చీలన్నీ ఇటే."

కొమురమ్మ చెయ్యి కడుక్కుంది. తట్ట ఎత్తుకుని ఇవతలికొచ్చింది. ఆ ఆవరణలో బుర్రకి పని చెప్పినది ఆవిడొక్కతే, ఆవిణ్ణి సంతకాలకి పిలవలేదు.

వేడుక రోజు ఉదయం తొమ్మిదీ నలభైకి ముహూర్తం. షామియానా, సన్నాయి, కొబ్బరికాయ. వీడియో కెమెరాలన్నీ ఎడమ పక్కన ఎత్తు బల్ల మీద. విమానాన్ని చూసి ఢిల్లీ అధికారి కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. విదేశీ బృందం అయిదుగురూ నోళ్ళు తెరిచారు. వాళ్ళ భాష మన భాషలోకి తేవడానికి ఫిలోమినా అనే అమ్మాయిని కుదిర్చారు. గుంటూరు వైపు కేథలిక్కుల పిల్ల. ఆ దేశం మీద నమ్మకంతో ఆ భాష మూడేళ్ళు చదివి, దేశం చీలిపోతోందని తెలిసి దిగాలుగా ఉంది.

బసవపున్నయ్య ఒక బండ పక్కన, ఉతికిన పంచె కట్టుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎండ వెండి రంగు మీద పడి విమానం ధగధగలాడుతోంది. అది తనది, ఉండిపోతుంది అనుకుంటే ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అంతా కూర్చున్నారు, ఒక్కడు తప్ప. విదేశీ బృందంలో పెద్ద ఇంజనీరు, తెల్ల కనుబొమల ముసలాయన, కుర్చీ దాకా వచ్చి, కూర్చోకుండా విమానం వైపు నడిచాడు. ఇంజనీరు కదా, వస్తువు కనిపిస్తే చుట్టూ తిరిగి చూడాలనుకుంటాడు. సినిమావాళ్ళకి ఈ రోగం ఉండదు గనక ఎవరూ దీన్ని ఊహించలేదు. ముక్కు నిమిరాడు, చక్రం చూశాడు, తోక వైపు నడిచాడు, మలుపు తిరిగాడు.

సన్నాయి ఆగిపోయింది. చలపతిరావు పరుగులాంటి నడకతో అటు పోయాడు. ఆయన వెనక ఢిల్లీ అధికారి, ఫిలోమినా, అందరూ. అందరికంటే వెనక బసవపున్నయ్య.

కుడి పక్కన సర్వి కట్టెలున్నాయి. గోనెపట్టాలున్నాయి. సుద్దతో రాసిన కొలతలున్నాయి. రెక్క ఉండాల్సిన చోట కొమురమ్మ ఆరేసిన తువ్వాలుంది.

ముసలాయన చాలాసేపు చూశాడు. తరవాత అయిదు నిమిషాలు మాట్లాడాడు. ఫిలోమినా ముఖం ఎటూ తిప్పకుండా తెలుగు చేసింది.

"ఆయన అంటున్నారండీ, సగం మీది అని పద్నాలుగు నెలలుగా మేం కాగితం మీద చదువుతున్నాం, కళ్ళతో ఇవాళే చూశాం అని. మా వాటా మీద చెయ్యి వెయ్యకుండా మీ వాటా మీరు పూర్తిచేశారు. ఎన్నో దేశాలతో పనిచేశాం, ఇంత నిజాయితీ ఎక్కడా చూడలేదు అంటున్నారు."

చలపతిరావు ముఖంలోకి నెత్తురు తిరిగొచ్చింది. "మరి భాగస్వామ్యం అంటే అదే కదండీ," అన్నాడు. చప్పట్లు కొట్టారు. ఢిల్లీ అధికారి ఫైలు తెరిచి, నిర్మాణం యాభై శాతం పూర్తి అని రాసుకున్నాడు. అన్నేళ్ళ ఉద్యోగంలో ఆయన ఫైల్లో యాభై శాతం దాకా వచ్చిన విమానం అదే మొదటిది. ఎడమ పక్క మనది, కుడి పక్క వాళ్ళది అని అప్పటికప్పుడు ఒప్పందంలో ఒక పేజీ చేర్చి సంతకాలు చేశారు.

గండం గడిచిందని బసవపున్నయ్య ఊపిరి పీల్చుకున్నాడు. నాలుగు రోజులాగి, కుడి పక్కకి చెక్క లెక్క వేసుకుని చలపతిరావు మేడకి వెళ్ళాడు.

"మతిపోయిందా పున్నయ్యా?" అన్నాడు చలపతిరావు. "కుడి పక్క మనం ముట్టుకోకూడదు. ఒప్పందంలో ఉంది."

"చెక్క నేనే తెచ్చుకుంటానండీ. కూలి కూడా వద్దు."

"కూలి సంగతి కాదయ్యా. అది వాళ్ళ వాటా. నువ్వు మేకు కొడితే ఉల్లంఘన."

పోర్టికోలో ఫిలోమినా ఎదురైంది. మేస్త్రీ ముఖం చూసి జాలేసినట్టుంది, పక్కకి పిలిచింది. "వాళ్ళు కట్టరు బాబాయిగారూ. ఎయిర్‌పోర్టుకి వెళ్ళేటప్పుడు ఆ ముసలాయన నన్నొక మాటడిగాడు. ఆ మేస్త్రీని మా దేశం పంపుతారా, మా దగ్గర ఆ సగం కూడా లేదు అని."

"మరి మెచ్చుకున్నాడుగా తల్లీ?"

"మెచ్చుకోక ఏం చేస్తాడు? మీది సగం అబద్ధమని చెబితే, తమది మొత్తం అబద్ధమని చెప్పాల్సి వస్తుంది."

జనవరిలో ఆ దేశం రెండయింది. కుడి రెక్క ఒక దేశానికీ, కుడి తోక ఇంకో దేశానికీ పంపకం పడ్డాయి. ఆ రెండూ ఒకదాని మీద ఒకటి దావా వేసుకున్నాయి. చలపతిరావు ఫ్యాక్టరీ షేక్‌పేట దారిలో గేటు దాకా వచ్చి ఆగింది. గేటు మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది. ఇచ్చిన మాట ప్రకారం ఆ గేటు ముందు, మలుపులో, విమానాన్ని శాశ్వతంగా నిలబెట్టించాడు. వానకి తడవకుండా పైన ఫైబరు పూత పూయించాడు. షేక్‌పేట వైపు నుంచి వచ్చేవాళ్ళకి యుద్ధవిమానం కనిపిస్తుంది. ఫిల్మ్‌నగర్ వైపు నుంచి వచ్చేవాళ్ళకి సర్వి కట్టెలూ గోనెపట్టాలూ కనిపిస్తాయి. గేటు తెరుచుకునేది ఫిల్మ్‌నగర్ వైపే గనక రాయి కూడా అటే పాతారు. రాయి మీద అడుగెత్తు అక్షరాలతో చెక్కించాడు: నిర్మాణం, బసవపున్నయ్య.

పరిశ్రమ మొత్తం ఆ దారినే పోతుంది. కళాదర్శకులు కారు ఆపి చదివి, నవ్వుకుని పోయారు. కుర్రమేస్త్రీలు సగం సగం పనికి 'పున్నయ్య పని' అని పేరు పెట్టారు. కట్టిన నూట పద్నాలుగు కోటల్లో ఏ ఒక్కటి నిలిచినా ఆయన్ని గొప్ప పనివాడనేవాళ్ళు. అవన్నీ బూడిదయ్యాయి, ఇది నిలిచింది.

తొంభై అయిదులో బసవపున్నయ్య ఆఖరుసారి ఆ మేడ మెట్లెక్కాడు. కట్టిందొక్కటైనా పీకకుండా ఉంటే చాలనుకున్న మనిషి, పీకేయమని బతిమాలాడు.

"రాత్రికి రాత్రి పీకేస్తానండీ. నా చేత్తో నేనే."

"ఎలా కుదురుతుందయ్యా? ఆ ఖాళీ సగం మూడు ప్రభుత్వాల వివాదంలో ఉంది," అన్నాడు చలపతిరావు. ఆయన అప్పటికి ఉపగ్రహాల్లోకి దిగాడు. "అయినా నువ్వే కదా ఉండాలన్నావు. నేను మాట తప్పను."

రెండేళ్ళు గడిచాయి. ఒకరోజు బసవపున్నయ్య షేక్‌పేట బస్సులో వెళుతున్నాడు. బస్సు మలుపు దగ్గర ఆగింది. పక్క సీట్లో ఎవరో పెద్దమనిషి, తలపాగా ఆయన, కిటికీలోంచి రాయి మీది పేరు కూడబలుక్కుని చదివాడు.

"ఎవడో గానీ సగం కట్టి ఉరికిండు. పైకెల్లి పేరు గూడ రాసుకున్నడు," అన్నాడు. బసవపున్నయ్య చొక్కా మీది ప్లాస్టరు మరకలు చూసి, "మీరు సినిమాలల్ల పనిచేస్తరా? గీయన ఎర్కేనా మీకు?" అని అడిగాడు.

బసవపున్నయ్య కిటికీ వైపు చూడలేదు.

"ఎరుగుదును," అన్నాడు. "మద్రాసులో ఉండగా మంచి పనివాడే. పోయాడు."