కాలు విరిగిన బల్ల

వరండా తుడుస్తూ తుడుస్తూ ఆయా సామాన్ల గది తలుపు దగ్గర ఆగింది. గడప ఇవతలి వరకే తుడిచి గుడ్డను బకెట్లో పిండింది. ఆ గదిలో పగిలిన తూకం యంత్రం, తుప్పు పట్టిన సెలైన్ స్టాండు, వాటి వెనక గోడకి చేర్చిన పొడవాటి బల్ల ఉన్నాయి. బల్ల కాలు విరిగిందని క్లినిక్‌కు వచ్చే వాళ్లందరికీ తెలుసు. విరగలేదని తెలిసింది ఆయా ఒక్కదానికే.

మర్నాడు సాయంత్రం వడ్రంగి వస్తాడని డాక్టరమ్మ నిన్న చల్లగా చెప్పి వెళ్లింది. అప్పటినుంచి ఆయాకి ముద్ద దిగడం లేదు.

చూడబోతే పొట్టి మనిషి. వంకర మోకాళ్లు, ఫినాయిల్‌కు పాలిపోయిన చేతులు, నడుముకు తాళాల గుత్తి. భర్త పోయిన ఏడాది ఈ పనిలో చేరింది. కూతురి పెళ్లి చేసింది, మనవణ్ణి ఈ వరండాలోనే ఆడించింది, పళ్లు కూడా ఇక్కడే రాలగొట్టుకుంది.

సరిహద్దు అవతల యుద్ధం మొదలై ఊరి చివర శిబిరం వెలిశాక, వరండాలో రెండు బల్లలు రెండు ఊళ్లయ్యాయి. ఫ్యాను కింది బల్ల ఊరివాళ్లది, ఎండ తగిలేది శిబిరం వాళ్లది. ఎవరూ అలా అనలేదు, ఎవరూ దాటనూ లేదు. ఒకనాడు శిబిరం నుంచి నిండు నెలలతో వచ్చిన పిల్ల ఒకతె, తమ బల్ల నిండిపోయి, ఊరివాళ్ల బల్ల మీద చోటున్నా కూర్చునే ధైర్యం లేక, నిలబడి నిలబడి వెనక్కి వెళ్లిపోయింది. దారిలోనే కాన్పయింది. బిడ్డ దక్కలేదు. ఆ సాయంత్రం ఆయా అందరూ వెళ్లేదాకా ఆగింది. మర్నాడు జనం వచ్చేసరికి ఎండ వైపు బల్ల ‘కాలు విరిగి’ సామాన్ల గదిలో పడింది. ఇక అందరూ ఫ్యాను కింది బల్ల మీదే సర్దుకోవాల్సి వచ్చింది.

అందరికన్నా ఎక్కువ గొణిగింది మిల్లు పెద్దమ్మ. పిండి మిల్లు వాళ్లావిడ, బీపీ మాత్రల కోసం వారం వారం వస్తుంది. జోరీగలా డాక్టరమ్మ చెవిలో పోరి వడ్రంగిని పిలిపించింది ఆవిడే. అలాగని పక్కన శిబిరం మనిషి కూర్చుంటే ఆవిడ నోరు ఊరుకుంటుందా? తిట్టడానికని మొదలుపెట్టి, కాళ్ల వాపుకి చిట్కాలు చెప్పడంలో పడేది.

వడ్రంగి రావాల్సిన ఆ రోజూ వచ్చింది. బిడ్డను పోగొట్టుకున్న ఆ పిల్లా వచ్చింది, మళ్లీ ఏడో నెలతో. పెద్దమ్మ మూతి ముడుచుకునే జరిగి చోటిచ్చింది.

మధ్యాహ్నం జనం పలచబడ్డాక, ఎప్పుడూ లేనిది, ఆయా వచ్చి ఆ ఇద్దరి మధ్య కూలబడింది. పొద్దుటినుంచి ఎడమ జబ్బ లాగుతోంది. బకెట్లు మోసిన జబ్బ లాగక ఏం చేస్తుందిలే అనుకుంది.

“పెద్దమ్మా, ఆ బల్ల కాలు విరగలేదు. నేనే లోపల పడేశా.”

“ఎంత టక్కరిదానివే,” అంది పెద్దమ్మ.

“ఈ పిల్ల ఆ రోజు నిలబడలేకే వెళ్లిపోయింది. అప్పుడు మీ పక్కన చోటుంది.”

ఆ రోజు ఆ చోట్లో తన చేతిసంచి పెట్టుకున్న సంగతి పెద్దమ్మకి గుర్తొచ్చింది. ఆ పిల్ల గోళ్లు చూసుకుంటూ కూర్చుంది.

ఆయాకి మనసు తేలికపడింది. ఇక సాయంత్రం ఏమైతే అదే అవుతుంది అనుకుని, పెద్దమ్మ భుజానికి తల ఆనించింది. ఫ్యాను గాలి హాయిగా ఉంది.

కాసేపటికి నర్సు పెద్దమ్మను పిలిచింది. ఆయా నిద్రపోతోంది, కాస్త ఆగమని పెద్దమ్మ సైగ చేసింది. భుజం తిమ్మిరెక్కినా కదల్లేదు. తాళాల గుత్తి జారి కింద పడింది. ఆ పిల్ల వంగలేక వంగి దాన్ని అందుకుని, ఆయా చేతిలో పెట్టబోయింది. ఆ చేయి చల్లగా ఉంది.

డాక్టరమ్మ నాడి చూసి తల వంచుకుంది. కూతురికి కబురు వెళ్లింది. వ్యాను వచ్చి ఆయాను ఇంటికి తీసుకెళ్లింది.

వడ్రంగి అన్నమాట ప్రకారం సాయంత్రం వచ్చాడు. పెద్దమ్మా, ఆ పిల్లా ఇంకా వెళ్లలేదు. ఏడ్చి ఏడ్చి పెద్దమ్మ మొహం వాచిపోయింది. గుత్తి తీసుకుని గది తాళం తనే తీసింది. అతను బల్లను ఇవతలికి లాగి, అటూ ఇటూ ఊపి, ఎక్కి కూర్చుని కూడా చూశాడు.

“దీనికేమైందమ్మా? రాయిలా ఉంది.”

“కాలు విరిగింది,” అంది పెద్దమ్మ. “ఇక బాగుపడదు. లోపల పెట్టెయ్.”

అతను ఆవిడ మొహం ఒకసారి చూసి బల్లను ఎత్తాడు. పెద్దమ్మ తాళం వేసి వచ్చి, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని, ఆ పిల్లను పక్కన కూర్చోమంది. గదిలో, పగిలిన తూకం యంత్రం వెనక, కాలు విరిగిన బల్ల నాలుగు కాళ్ల మీదా గట్టిగా నిలబడి ఉంది.