గంప మీద చెయ్యి

మూడో పడవ కూడా కూర్మమ్మను దాటుకుని వెళ్లి మరిడమ్మ ముందు చేపలు దించింది.

భావనపాడు ఒడ్డున పాతికేళ్లుగా చేపల వేలం పాట పాడేది కూర్మమ్మే. పడవ ఇసుకకు తగలగానే "పిన్నీ, రా" అని కేకేసేవాళ్లు. ఐదు రోజులుగా ఎవరూ పిలవడం లేదు. తిట్టడమూ లేదు. ఖాళీ గంప పక్కన ఆమె కూర్చుంటే, చుట్టూ నాలుగు బారల ఇసుక వదిలేసి నడుస్తున్నారు.

"వదినా, సందువ సేపలేమైనా పడ్డాయేటి?" అని తనే పలకరించింది.

మరిడమ్మ తలెత్తలేదు. "టీవీలో సెప్తారు కదా. అక్కడ సూసుకో."

ఆడవాళ్లు నవ్వారు. కూర్మమ్మ కూడా నవ్వబోయింది గాని మొహం కుదరలేదు.

రెండు నెలల క్రితం ఒక టీవీ చానల్, ఈ ఒడ్డు చేపలకు శవాలు నిలవుంచే మందు కొడుతున్నారని రోజంతా చూపించింది. బొమ్మలు వేరే ఊరివి. అధికారులు వచ్చి పరీక్ష చేసి మందు లేదన్నారు. ఆ మాట చానల్ చెప్పలేదు. నరసన్నపేట బజార్లో వారం పాటు ఎవరూ గంప దించనివ్వలేదు. కిలో ఆరు వందల వంజరాన్ని కుక్కలు తిన్నాయి.

ఇప్పుడు ప్రభుత్వం, అబద్ధపు వార్తల మీద జనం ఫిర్యాదు చేసుకోడానికి ఒక మండలి పెడతామంటూ బిల్లు తెస్తోంది. చానల్ దానికి 'గొంతుకోత బిల్లు' అని పేరు పెట్టి, ఎర్ర అక్షరాలూ కత్తి బొమ్మా వేసి మోగించేస్తోంది. అందులో ఏముందో మాత్రం చదివి వినిపించలేదు. సామాన్యుల మాట కావాలని, ఆ చానల్ నరసన్నపేట విలేకరి డేవిడ్‌రాజు పోయిన వారం కూర్మమ్మ ముందు మైకు పెట్టాడు.

ఆమె పాట పాడినట్టే మాట్లాడింది. ఒడ్డున పద్ధతి అది. ముందు ఎదుటివాడి ధర గట్టిగా పలకాలి. తర్వాత గంప మీద చెయ్యి వేసి తన ధర చెప్పాలి. చెయ్యి పడేదాకా పలికిన మాట తనది కాదు.

"టీవీవోల నోరు ఎవులూ కట్టకూడదు" అంది, చేతులు ఒళ్లో పెట్టుకుని. తర్వాత గంప మీద చెయ్యి వేసింది. "అది ఆల పాట. ఇది నా పాట. నా సేపల్ని శవాల సేపలన్నారు. నానెవులికి సెప్పుకోవాల? సెప్పుకునే సోటొకటుండాల."

చానల్ మొదటి ముక్కే వేసింది. అదీ మొహం మాత్రమే కనిపించేలా కోసి. చేతులు తెర బయటే ఉండిపోయాయి. 'మీడియాకు అండగా మత్స్యకార మహిళ' అని కింద రాసింది. చేపల మీద బురద చల్లినవాళ్లకే కూర్మమ్మ అమ్ముడుపోయిందనుకుంది ఊరు.

ఒడ్డు మీద బైకు ఆగింది. డేవిడ్‌రాజే. నలభై దాటిన మనిషి. చానల్ అతనికి జీతం ఇవ్వదు, మెడలో వేసుకోడానికి కార్డు మాత్రం ఇచ్చింది.

"అమ్మా, పావుగంటలో లైవు. మళ్లీ నిన్నే అడుగుతన్నారు. ఆ మాటే ఇంకోపాలి సెప్పు."

"ఆ మాట నాది కాదని నీకు తెల్దా బావూ?"

"తెలుసు."

"మొత్తం తీసినావు గదా. ఉన్నాదా?"

"ఫోన్లో ఉన్నాది. అది బయట పెడితే కార్డు పీకేస్తారు. ఇది లేకపోతే పేటలో నాకు కుర్సీ ఏసేవోడుండడమ్మా."

"నాకిక్కడ ఇసక మీద కూడా సోటు లేదు."

అతను ఫోన్ చేత పట్టుకుని, చెవిలో తీగ పెట్టుకున్నాడు. ఆడవాళ్లు గంపలు వదిలి దూరంగా గుమిగూడారు. మరిడమ్మ తన ఫోన్లో అదే చానల్ పెట్టింది.

"కూర్మమ్మగారూ, ఈ గొంతుకోత బిల్లు మీద మీ ఆవేదన చెప్పండి" అని యాంకర్ గొంతు అందులోంచి గట్టిగా వినిపించింది.

కూర్మమ్మ నోరు తెరిచింది. పాతికేళ్ల అలవాటు, ఎదుటివాడి మాటే ముందు నాలుక చివరికొచ్చింది. దాన్ని మింగేసింది. నోరు మూసుకుని ఖాళీ గంప మీద చెయ్యి వేసింది.

"హలో, మాట రావడం లేదు" అంది యాంకర్.

"మొహం మీదే ఉంచు, కిందకి దించకు" అంది డేవిడ్‌రాజు చెవిలో చానల్ డెస్కు.

అతని చేతిలో ఫోన్ మెల్లగా కిందకి వంగింది. ముడతలు పడిన చెయ్యి, ఉప్పుకు తెల్లబడ్డ గంప అంచు తెర నిండా వచ్చాయి. చెవిలో అరుపులు మొదలయ్యాయి. అతను తీగ లాగేశాడు.

"ఈ రోజు ఆల మాట సెప్పను" అంది కూర్మమ్మ. "ఇది నా పాట. సెప్పుకునే..."

మరిడమ్మ చేతిలోని ఫోన్లో సబ్బు ప్రకటన వచ్చేసింది. ఆమె దాన్ని చూసింది. తర్వాత తలెత్తి, ఇసుకలో ఇంకా మాట్లాడుతూనే ఉన్న మనిషిని చూసింది.

డేవిడ్‌రాజు ఫోన్ మోగింది. ఎత్తలేదు.

నాలుగో పడవ అలల మీద ఊగుతోంది. ఎటు తిప్పాలో ఒడ్డు నుంచి ఇంకా ఎవరూ కేకెయ్యలేదు. కూర్మమ్మ గంప మీది చెయ్యి తియ్యలేదు.