వెనకబడి వచ్చే గొంతు

నోరు మూతపడదు కనక ఆ ఇంటి పిల్లకు పిచ్చుక అని పేరు పడింది. అలాంటి పిల్ల పొద్దుటినుంచి గదిలో కూర్చుని ఒకే వాక్యాన్ని పట్టుకుని పీకులాడుతోంది. చదివిన ప్రతిసారీ నడిమధ్యలో నాలుక మడత పడుతోంది. తలుపు బయట చీపురుతో నిలబడి వింటున్న తల్లికి గుండె జారి అరికాళ్లలోకి వచ్చింది.

పుస్తకాలు చదివించి రికార్డు చేసే కంపెనీ ఒకటి పిచ్చుకను ఒక అధ్యాయం చదివి పంపమంది. గొంతు నచ్చితే ఉద్యోగం ఇస్తారట. గడువు ఈ సాయంత్రం. తల్లికి మాత్రం ఉద్యోగం సంగతి తర్వాత, ముందు పిల్ల నోరు నిలబడితే చాలనిపించింది. వెనకటికి తన పినమామగారికి కూడా మాట తడబడటంతోనే మొదలై, పక్షవాతంతో మూతి ఒక పక్కకు పోయింది మరి.

తలుపు తోసుకుని వెళ్లి నాలుక చాపమంది. చేతులు రెండూ పైకెత్తమంది. నవ్వమంది. పిచ్చుక అన్నీ చేసి, ఊపిరి తిప్పుకోకుండా తల్లిని పది మాటలు అంది. ఒక్కటీ తడబడలేదు. చదివేది తనకే వినిపించే హెడ్‌ఫోన్స్ మళ్లీ పెట్టుకుని మైకు ముందు కూర్చుందో లేదో, నాలుక మళ్లీ ముడి పడింది.

కంప్యూటర్‌లో శబ్దాన్ని పోగుచేసి పంపే బఫర్ ఏదో ఉందట, దాన్ని తగ్గిస్తే బాగుపడుతుందేమోనని పిచ్చుక తగ్గించింది. చెవుల్లో చిటపటలు మొదలయ్యాయే గానీ తడబాటు తగ్గలేదు. పిల్ల నోట చిటపట అన్న మాట వినగానే తల్లి వెళ్లి స్విచ్చి దగ్గర వాసన చూసి వచ్చింది.

కాసేపటికి పిచ్చుక హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టింది.

"నాకు భయం పట్టుకుందమ్మా. ఉద్యోగం అనేసరికి నోరు ఎండిపోతోంది. చదవలేనని వాళ్లకు రాసేస్తాను."

పిల్ల కళ్లలో నీళ్లు చూసేసరికి తల్లికి ఉన్న భయాలన్నీ ఒక పక్కకు పోయి కోపం వచ్చింది. నా బిడ్డ నోరు కట్టేసింది ఏమిటో చూస్తానని, ఆ హెడ్‌ఫోన్స్ తన చెవులకు తగిలించుకుని మైకు ముందు కూర్చుంది. ఆమెకు చదవడం అంతంత మాత్రమే, తిట్టడం మాత్రం కొట్టిన పిండి. అందుకని తిట్టడం మొదలుపెట్టింది.

"ఒసేయ్, పొద్దున్నుంచి గుక్కెడు నీళ్లు కూడా తాగలేదు, నీ ఒళ్లు ఏం కా, ఏం కాను..."

అంతే, ఆగిపోయింది. తను అన్న మాటే అర క్షణం వెనకగా నడిచి వచ్చి, చెవిలో దూరి, రాబోయే మాట కాలు తొక్కుతోంది. మళ్లీ ఎత్తుకుంది. మళ్లీ బోర్లా పడింది. పెళ్లయినప్పటినుంచి ఆమె తిట్టు మధ్యలో ఆగడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు.

పిచ్చుక కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. "నీ నోరే తడబడిందంటే ఇది రోగమూ కాదు, భయమూ కాదు. గొంతు ఆలస్యంగా వస్తోంది. మొన్నటిదాకా బాగానే ఉండేదే, ఏం మారిందబ్బా?"

తల్లి చీపురు ఎక్కడ పెట్టానా అని వెతకసాగింది.

"అమ్మా, నా పాత వైరు హెడ్‌ఫోన్స్ ఏవి?"

పిల్ల కునుకు తీస్తే తీగ మెడకు చుట్టుకుంటుందేమో, కరెంటు నేరుగా చెవిలోకి ఎక్కుతుందేమో అని ఆమెకు ఎప్పటినుంచో బెంగ. అందుకే వాటిని బీరువాలో దుప్పట్ల కింద దాచేసి, తీగ లేనివి ముచ్చటపడి కొని తెచ్చింది. గొంతు గాలిలో ఎగురుకుంటూ వచ్చేసరికి ఆలస్యమవుతుందని ఆమెకేం తెలుసు? కొత్తవి దొరికిన సంబరంలో పిచ్చుకకూ తట్టలేదు.

"పారెయ్యలేదులే" అంటూ తెచ్చి ఇచ్చింది.

మైకు తగిలించిన చిన్న పెట్టెలోనే వాటి తీగ గుచ్చింది పిచ్చుక. ఇప్పుడు గొంతు రెండుగా వినిపించింది, ఒకటి వెంటనే, ఒకటి వెనకగా. పెట్టెలోంచి నేరుగా వచ్చేది ఉంచుకుని, కంప్యూటర్ చుట్టూ తిరిగి వచ్చేదాన్ని ఆపేసింది. ఒక వాక్యం చదివింది. మరొకటి. ఏరు పారినట్టు సాగింది.

"గడువు దాటకముందే అయిపోతుంది, నువ్వెళ్లమ్మా" అంది.

తల్లి వెళ్లలేదు. కుర్చీ పక్కన పీట వేసుకుని కూర్చుని, ఆ తీగ పిల్ల మెడ దరిదాపులకు రాకుండా, దూడ పలుపు పట్టుకున్నట్టు రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది. పిచ్చుక ఒకసారి అటు చూసి, పేజీ తిప్పింది. అధ్యాయం చివరికొచ్చేసరికి తల్లి చేతులు తిమ్మిరెక్కాయి. ఇది పక్షవాతం కాదు కదా అని అడగబోయి, రికార్డింగ్ ఇంకా నడుస్తోందని గుర్తొచ్చి, నోరు మూసుకుంది.