సత్తమ్మ చేతికెక్కిన గీతలు

చిట్యాల బస్టాండు వెనక వీధిలో కోడి కూయకముందే సత్తమ్మ బోళ్లు తోముతూ కనిపించేది. నాలుగిళ్ల గిన్నెలు, ఒక హోటలు గంగాళాలు. బూడిద, చింతపండు, కొబ్బరి పీచు ఉంటే చాలు, ఎంత నల్లబడ్డ ఇత్తడి బిందైనా ఆమె చేతిలో తళతళలాడాల్సిందే. తోమడంలో తనని మించినవాళ్లు ఊళ్లో లేరని ఆమె నమ్మకం. నిజం చెప్పాలంటే, లేరు కూడా.

కొడుకు సైదులు మాత్రం ఆ మాట ఎక్కడా చెప్పుకునేవాడు కాదు. నల్లగొండ వకీలు దగ్గర డ్రైవరుగా చేరిన రోజు, మీ అమ్మ ఏం చేస్తుందని ఆయన అడిగితే "ఎవుసం" అన్నాడు. వాళ్ల సేద్యమంతా ఇంటిముందున్న రెండు బీరపాదులే.

ఎనభై తొమ్మిదిలో వకీలు కొత్త నల్ల అంబాసిడర్ కొన్నాడు. దాని మీద ఈగ వాలినా ఆయన ఓర్చుకునేవాడు కాదు. సైదులు కంటే ముందున్న డ్రైవరు గాలయ్య, పాత కారు బానెట్టు మీద తాళంచెవి పెట్టి గీత పడేసినందుకే ఇంటికి పోయాడు.

ఒక ఆదివారం వకీలు స్నేహితుడి కారులో హైదరాబాద్ వెళ్తూ, "సాయంత్రం చిట్యాలల దిగుత. కారు తెచ్చి హైవే మీద ఉండు, పానగల్ పెండ్లికి పోవాలె" అని చెప్పాడు. సైదులు మధ్యాహ్నమే వచ్చి, కారు ఇంటిముందు ఆపి, అన్నం తిని కునుకు తీశాడు. కొడుకు తెచ్చిన కారు వీధిలో దుమ్ముకొట్టుకుని నిలబడితే సత్తమ్మకు చేతులు ఊరుకోలేదు. బూడిద తెచ్చింది, పీచు తెచ్చింది. బానెట్టూ తలుపులూ బిందెను తోమినంత శ్రద్ధగా తోమి, నీళ్లు పోసింది.

సైదులు లేచేసరికి ఎండలో కారు నిండా సున్నాల్లా సన్నని గీతలు మెరుస్తున్నాయి.

"అమ్మా! ఏం జేసినవే?"

"తోమిన బిడ్డా. ఎన్ని నీళ్లు వోసినా గీ గీతలు పోతలేవేందిరా?"

"నా నౌకరి పాయె! గాలయ్య లెక్క నన్ను గూడ ఎల్లగొడ్తడు."

సత్తమ్మ బూడిద చేతులు కొంగుకు తుడుచుకుంది. కొడుకు వెంట కారెక్కింది.

హైవే పక్కన లాల్ బీ బండ్ల పాలిష్ దుకాణం ఉంది. భర్త పోయిన ఇరవై ఏళ్లుగా ఆమే నడుపుతోంది. లాల్ బీ తుడిస్తే బండి మీది గీతలు ఆమె చేతి మీదికి ఎక్కేవి. పిల్లలు అడిగితే, ఇది చౌటుప్పల్ డాక్టర్ ఫియట్‌ది, ఇది తహసీల్దార్ జీపుది అని చూపించేది. దాన్ని ఎవరూ వింత అనుకోలేదు. తొందరగా పని తెమల్చదని మాత్రం సణిగేవాళ్లు.

లాల్ బీ ఒక సున్నా మీద గోరు ఆనించి నడిపింది.

"గోరుకు తగుల్తలేదు. రంగు దాక పోలే బిడ్డా, పైపూతకే గీరుకున్నది. పోతయ్. కానీ నా దగ్గర జాగా లేదు."

రెండు చేతుల మీంచీ కొంగు తీసింది. వేళ్ల నుంచి భుజాల దాకా తెల్లని గీతలు, ఆవగింజంత కూడా ఖాళీ లేదు.

"నిన్న లారీతోటి నిండింది. దుకాణం బందువెడ్దామని కూసున్న."

"జర సూడు పెద్దమ్మా, నీ కాళ్లు మొక్కుత" అంటూ సైదులు నేల మీద కూలబడ్డాడు.

లాల్ బీ ఇంకా బానెట్టునే చూస్తోంది. "గిన్ని సున్నాలు, ఒక్కటి వంకర లేదు. ఎవరి చెయ్యి?"

"నాదే అక్కా" అంది సత్తమ్మ తలదించుకుని.

"తలెందుకు దించుతవ్? గిసోంటి చెయ్యి నేను సూడలే. నువ్వే తియ్యి."

కారును రేకుల నీడలోకి తోశారు. బానెట్టు చల్లబడేదాకా లాల్ బీ ముట్టనివ్వలేదు. ఇసుక రేణువు మిగలకుండా రెండుసార్లు కడిగించి, మల్మల్ గుడ్డ మీద వేలికొనంత పాలిష్ మసాలా పెట్టి ఇచ్చింది.

"బిందె అనుకోకు, పసిపిల్ల చెంప అనుకో. గట్టిగ ఒత్తకు. గుండ్రంగ తిప్పకు, నిలువుగ పో."

పదిసార్లు తుడిచినా ఏమీ కాలేదు. పదకొండోసారి ఒక సున్నా కదిలి, గుడ్డ అంచు దాటి, సత్తమ్మ చిటికెన వేలెక్కింది. చల్లగా ఉంది. దాని వెనక ఇంకోటి, ఇంకోటి. మేత వేసే మనిషిని గుర్తుపట్టిన కోళ్లలా అవి ఆమె చేతికే వస్తున్నాయి. పొద్దు వాలేసరికి తలుపు పిడి దగ్గరి చివరి గీత కూడా వచ్చేసింది. లాల్ బీ మైనం పూయించి, పొడిగుడ్డతో తుడిపించింది.

వకీలు స్నేహితుడి కారు దిగి, దుకాణం ముందున్న తన కారు చుట్టూ తిరిగాడు. వంగి చూశాడు. తలుపులో తన మీసం ఒక్కో వెంట్రుకతో సహా కనిపించింది.

"కొన్ననాడు గూడ గిట్ల లేకుండె. ఎవరు జేసిన్రు?"

లాల్ బీ పేరు చెప్పి సైదులు తప్పించుకోవచ్చు. బోర్డు అక్కడే ఉంది. వాడు కొంగు కింద చేతులు దాచుకున్న తల్లిని చూశాడు. 

"మా అమ్మ, సార్. ఎవుసమని అబద్ధం చెప్పిన. ఇండ్లల్ల బోళ్లు తోముతది. పగటికి బూడిదతోటి గీతలు వెట్టింది ఆమెనే, తీసింది గూడ ఆమెనే."

వకీలుకు అబద్ధాలు విని అలవాటు. ఈ నిజం విన్నాక మళ్లీ ఒకసారి వంగి బానెట్టు చూశాడు.

"వచ్చే ఐతారం మా తమ్ముని కారు తోలుకరా" అన్నాడు చివరికి. "అమ్మతోనే చేపియ్యి."

కారు పోయాక లాల్ బీ దుకాణం తాళంచెవి, మల్మల్ గుడ్డ సత్తమ్మ చేతిలో పెట్టింది. హోటలువాళ్లు గంగాళాలకు వేరే మనిషిని వెతుక్కున్నారు. బోర్డు మీద లాల్ బీ పేరు కింద సత్తమ్మ పేరు రాయించింది సైదులే. ఆ దారిన వెళ్లినప్పుడల్లా, అవసరమున్నా లేకున్నా హారన్ కొట్టేవాడు.

తొంభై ఎనిమిది నాటికి సత్తమ్మ చేతులు మోచేతుల దాకా నిండాయి. పిల్లలు వచ్చి ఎవరి బండిది ఏ గీతో అడిగితే, ఆమె అన్నిటికంటే ముందు చిటికెన వేలు చూపించేది.

"గివి మా సైదులు కారువి. నేను వెట్టినయే."