అత్తమ్మ పోసిన గ్లాసు

"ఏందే గీ కోసుడు? గొడ్డలితోని నరికినట్టున్నయ్. చౌరస్తాల నలుగురు చూస్తరు, జర సన్నగ కొయ్యి" అన్నాడు దశరథ, ఉల్లిగడ్డల గిన్నెలోకి తొంగిచూసి.

ఆ రోజు ఎల్బీనగర్ చౌరస్తాలో వంటా వార్పు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే తిని, తెలంగాణ ఇచ్చేదాకా కదలమని సర్కారుకు చూపించాలి. కాలనీ కమిటీలో దశరథ ముఖ్యుడు. ఉల్లిగడ్డలు, టమాటాలు, అల్లం వెల్లుల్లి ముద్ద తన ఇంటి నుంచే వస్తాయని మాటిచ్చేశాడు. మాట ఆయనది, కత్తిపీట భార్య వేదవతిది. రోజూ రెండు పూటలా ఇంట్లో జరిగే వంటను ఇన్నేళ్ళలో ఎవరూ ఉద్యమం అనలేదే అని ఆమెకు నవ్వొచ్చింది కూడా. ఆ నవ్వును లోపలే మింగేసింది. ముక్కలు మందంగా రావడానికి కారణం వేరే ఉంది. ఆమె చేతులు వణుకుతున్నాయి. ఒళ్ళంతా చెమట పోస్తోంది, కడుపులో తిప్పుతోంది. ఆ వణుకు దేనివల్లో ఆ ఇంట్లో ఇద్దరికే తెలుసు. ఒకరు ఆమె, రెండోవారు అత్తగారు అండాలమ్మ. అండాలమ్మ వెనకగదిలో ఉంది. ఆ గదికి బయటి నుంచి తాళం వేసి ఉంది.

ఆ తాళం వేసింది కన్నకొడుకే. నల్గొండ పక్క పల్లె నుంచి మొగుడు పోయాక చంకలో పిల్లాడితో పట్నం వచ్చింది అండాలమ్మ. గడ్డిఅన్నారం మార్కెట్లో బత్తాయిలు ఏరింది, బుట్టలు మోసింది, ఆ పిల్లాణ్ణి డిగ్రీ దాకా చదివించింది. పొద్దు గూకాక హయత్‌నగర్ దాటి కల్లు దుకాణానికి పోయి ఒక సీసా అక్కడే తాగి, ఇంకోటి ఇంటికి తెచ్చుకునేది. నడుము నొప్పి తెలియకుండా నిద్ర పట్టేది. ఆ కల్లులో చెట్టు నుంచి దిగింది తక్కువ, మత్తుమందు పొడి ఎక్కువ అని తాగేవాళ్ళెవరికీ ఎవరూ చెప్పలేదు. మొన్నామధ్య పోలీసులు వచ్చి దుకాణం మూసి, నడిపేవాణ్ణి పట్టుకుపోయారు. దశరథ ఆ రోజు పండగ చేసుకున్నంత పని చేశాడు. "లోపలేస్తే సాలదు, గసుంటోళ్ళను ఉరి తియ్యాలె. భయముంటెనే జనం బాగుపడ్తరు" అని హోటల్లో చెప్పాడు, ఇంట్లో చెప్పాడు, పళ్ళెం ముందు కూర్చుని మళ్ళీ చెప్పాడు. వారం తిరక్కముందే ఇంకొకడెవడో గోడ వెనక నిలబడి అదే సరుకు ప్లాస్టిక్ కవర్లలో పోసి అమ్మడం మొదలుపెట్టాడు. అండాలమ్మ కొంగు చాటున కవర్ తెచ్చుకుంటూ, వంటా వార్పుకు రెండు రోజుల ముందు కొడుక్కి దొరికిపోయింది.

"సర్కారు వాన్ని లోపలేసింది, నేను నిన్నేస్తున్న. నాల్గు దినాలు మూసుకొని కూసుంటె అదే పోతది. కమిటీల నా ఇజ్జత్ ఏం గావాలె?" అని అరిచాడు దశరథ. కవర్ లాక్కుని మోరీలో పారబోశాడు. అప్పుడే ఆయన కళ్ళు గూట్లో ఉన్న గ్లాసుల మీద పడ్డాయి. "రెండు గ్లాసులేంది?" అన్నాడు. లోపలికి రాబోతున్న వేదవతి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. అండాలమ్మ మాత్రం తడుముకోలేదు. "ఒకటి కడిగింది, ఒకటి కడగంది. రెండూ నాయే" అంది. తాళం పడింది. తాళంచెవి ఆయన చొక్కా జేబులోకి పోయింది. అన్నం కిటికీలోంచి అందించమన్నాడు.

రెండో గ్లాసు వేదవతిది. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణంలో ఆమెకు నౌకరీ. వాళ్ళ నాన్న పోచంపల్లిలో మగ్గం మీద కూర్చుని నేసేవాడు, కూతురు మాత్రం పొద్దంతా నిలబడి చీరలు విప్పి చూపించి మళ్ళీ మడత పెట్టాలి. అమ్మాయిలు కూర్చుంటే గిరాకీ రాదని దుకాణం నమ్మకం. ఇంటికొచ్చేసరికి పిక్కలు కొయ్యల్లా బిగిసిపోయేవి. ఒకసారి ఆ మాట అంటే, "ఏసీల నిలబడే నౌకరికి నొప్పులేందే? మా అమ్మ ఎండల బుట్టలు మోసింది, ఎన్నడన్న అన్నదా?" అన్నాడు మొగుడు. అనలేదు, నిజమే. ఎందుకు అనలేదో ఆ కొడుకు అడగలేదు కూడా. ఆయన మీటింగుకు పోయిన ఒక సాయంత్రం, అంట్లు తోముతూ మధ్యమధ్యలో కాళ్ళు పట్టుకుంటున్న కోడల్ని చూసి అండాలమ్మ తన సీసాలోంచి ఒక గ్లాసు పోసి చేతికిచ్చింది. "జర తాగి పండుకో బిడ్డా. కాళ్ళ గుంజుడు తెల్వదు. అంట్లు నేను తోముకుంట" అంది. ఆ గ్లాసులో విషముందని ఇద్దరికీ తెలియదు. పోలీసులొచ్చి దుకాణం మూశాక సంగతి తెలిసినా వేదవతి ఆ సాయంత్రాన్ని తిట్టుకోలేకపోయింది. ఆ ఇంట్లో ఆమెకు కాళ్ళున్నాయని, అవి నొస్తాయని కనిపెట్టిన మొదటి మనిషి అత్తమ్మే. మంచి చేద్దామనుకుని చెడు పోసింది, పాపం. ఆ చెయ్యి మీద మాత్రం వేదవతికి ఎప్పుడూ కృతజ్ఞతే. తరవాత రోజూ ఒక గ్లాసు. గ్లాసు లేని రోజు చేతుల వణుకు ఆగేది కాదు. భయం జనాన్ని బాగుచేస్తుందో లేదో గానీ వేదవతికి చాలా విద్యలే నేర్పింది. సోంపు నమలడం, మొగుడు దగ్గరికొస్తే మొహం తిప్పుకోవడం, డాక్టరు అడిగితే నీరసం అని చెప్పడం. తాగుడు మానడం ఒక్కటే నేర్పలేదు.

దశరథ గిన్నెలెత్తుకుని జై తెలంగాణ అనుకుంటూ వెళ్ళిపోయాడు. కాసేపటికి వెనకగదిలో దబ్బున ఏదో పడ్డ చప్పుడు. వేదవతి కిటికీ దగ్గరికి పరిగెత్తింది. అండాలమ్మ నేల మీద పడి కొట్టుకుంటోంది. కళ్ళు పైకి పోయాయి, నోట్లోంచి నురగ. "అత్తమ్మా! అత్తమ్మా!" అని పిలిస్తే పలకలేదు. తాళంచెవి చౌరస్తాలో ఉంది, మొగుడికి ఫోన్ చేస్తే మోగిమోగి ఆగిపోయింది. ఆమె రోకలి తెచ్చింది. మొదటి దెబ్బ గోడకు తగిలింది, రెండోది తన వేళ్ళకే తగిలింది. ఆ తరవాత ఎన్ని కొట్టిందో తెలియదు. గొళ్ళెం ఊడి వచ్చింది.

పక్కింటి జానయ్య బంద్ కాబట్టి ఆటో ఇంటి ముందే పెట్టుకుని పడుకున్నాడు. వేదవతి కేక వినగానే లేచి వచ్చి, అండాలమ్మను చేతుల మీద మోసి ఆటోలో పడుకోబెట్టాడు. చౌరస్తా నిండా జనం. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు, గుండిగలు. నడుమ దశరథ చొక్కా చేతులు మడిచి, గరిటెతో అన్నం వడ్డిస్తున్నాడు. పెళ్ళయ్యాక ఆయన చేతిలో గరిటె చూడడం వేదవతికి అదే మొదలు. ఇంకో రోజైతే పడిపడి నవ్వేది. పొయ్యి ముందు కూర్చున్న వాళ్ళ కాలనీ కౌసల్యమ్మ ఆటోలోకి ఒక్కసారి చూసింది, లేచి, "గుండిగ పక్కకు జరుపుండ్రే! ముసలామెకు ఫిట్స్ ఒచ్చినయ్, ఆటోకు తొవ్వియ్యుండ్రి!" అని అరిచింది. ఆడవాళ్ళు కాలే గుండిగను కొంగులతో పట్టి జరిపారు. ఒకామె నీళ్ళ సీసా వేదవతి ఒళ్ళో పడేసింది. వాళ్ళలో చాలామంది ఎవరో ఆమెకు తెలియదు. వాళ్ళ చేతులు చల్లగుండాలని మనసులోనే మొక్కుకుంది. దశరథ గరిటె వదిలేసి పరిగెత్తుకొచ్చి ఎక్కాడు. తాళం ఎట్ల తీసినవ్ అని అడగబోయి, తల్లి మొహం చూసి ఆమె తలను ఒళ్ళోకి తీసుకున్నాడు.

దవాఖానలో ఉన్న డాక్టరమ్మది గుంటూరు పక్క. ఇంజక్షన్ ఇచ్చి, అండాలమ్మ ఒళ్ళు సర్దుకునేదాకా మంచం పక్కనే నిలబడింది. పొద్దుటి నుంచీ గొంతు చించుకుని ఆంధ్రోళ్ళు పోవాలన్న దశరథ ఇప్పుడు ఆమె ముందు రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు. విషయమంతా చెప్పాడు, తాళం సంగతితో సహా.

"ఆ కల్లు ఒక్కసారిగా ఆపేస్తే ఇట్లాగే ఫిట్స్ వస్తాయండీ. ఇంకాస్త ఆలస్యమైతే ప్రాణం పోయేది. మందులిచ్చి మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. జబ్బుమనిషికి తాళం వేస్తారా ఎవరన్నా?" అంది డాక్టరమ్మ.

"అట్లనన్న బుద్ధొస్తదనుకున్న మేడం."

"బుద్ధి రాలేదు. ఫిట్స్ వచ్చాయి."

డాక్టరమ్మ గొంతు తగ్గించి, "ఇంట్లో ఇంకెవరన్నా తాగుతారా? ఉంటే ఇప్పుడే చెప్పండి. నేనేమీ అనను, పోలీసులకూ చెప్పను. దాచిపెడితే వాళ్ళకీ ఇదే గతి" అంది.

"లేరు మేడం. మాది ఇజ్జత్‌దార్ కొంప" అన్నాడు దశరథ.

మంచం మీద అండాలమ్మ కళ్ళు తెరిచింది. మాట ముద్దముద్దగా వస్తోంది. కోడలి వైపు చూడకుండా పైకప్పును చూస్తూ, "నేనొక్కదాన్నే బిడ్డా. ఇంకెవ్వలు తాగరు" అంది.

చావు నోట్లోంచి బయటపడిన మనిషి మొదట చెప్పిన మాట అది. ఆ అబద్ధం ఎవరి కోసమో తెలిసిన ఒక్కగానొక్క మనిషి వేదవతి. ఇంతకాలం అత్తమ్మ కొంగు చాటున దాక్కుంది. ఇంట్లో, వీధిలో తాగుబోతు ముండ అన్న మాటలన్నీ ఆ ముసలామె ఒక్కతే మోసింది. కోడలి మీద ఒక్క చుక్క కూడా పడనివ్వలేదు. ఇంత చేసిన మనిషికి తిరిగి ఏమివ్వాలి? మొగుడు పక్కనే ఉన్నాడు. ఆయన ఏమంటాడో, పుట్టింటికి ఏమని కబురు పంపుతాడో, దుకాణంలో తెలిస్తే ఏమవుతుందో అన్నీ ఆమెకు తెలుసు. అడిగిన మనిషి మాత్రం తిట్టనని ముందే చెప్పి అడిగింది. ఆమెను జీవితంలో ఎవరైనా అట్లా అడగడం అదే మొదటిసారి.

వేదవతి రెండడుగులు ముందుకు వేసి, వణుకుతున్న చేతులు రెండూ డాక్టరమ్మ ముందు చాపింది.

"మా అత్తమ్మ అబద్ధమాడుతుంది మేడం. ఇద్దరం తాగుతం. నన్ను గూడ ఆమె పక్క మంచమ్మీదనే పండుకోబెట్టుండ్రి."