సగం కుట్టిన గలీబు

చెల్లి వచ్చే వేళకి ఇంజెక్షన్ పెన్నును ఫ్రిజ్‌లోంచి తీసి బల్ల మీద పెట్టాను. చల్లదనం పోయేదాకా అరగంట అలా వదిలేయాలి. ఎండలో పెట్టకూడదు, వేడినీళ్ళలో ముంచకూడదు. పెట్టెలోని కాగితాన్ని మళ్ళీ మళ్ళీ చదివాను.

చెల్లి కనురెప్పల మీద, ముక్కుకు దగ్గరగా, పసుపుపచ్చని మచ్చలున్నాయి. నాన్నకీ అన్నయ్యకీ ఉండేవి. చిన్నప్పుడు అవి అందమనుకునేవాళ్ళం. రక్తంలో కొలెస్ట్రాల్ ఎక్కువైతే అలా బయటపడుతుందనీ, మా వంశంలోనే అది ఉందనీ తరవాతెప్పుడో తెలిసింది. అప్పటికి ఇద్దరి గుండెలూ ఆగిపోయాయి. అన్నయ్య చివరిసారి గడప దాటుతూ "రేపొస్తాలే" అన్నాడు.

నాకు ఆ జబ్బు రాలేదు. చెల్లికి వచ్చింది. మాత్రలు వేసుకుంటే ఒళ్ళంతా నొప్పులు. అందుకని డాక్టరమ్మ రెండు వారాలకోసారి ఈ ఇంజెక్షన్ రాసింది. ఇదే మొదటిది. వచ్చీ రాగానే పెన్నును చూసి చెల్లి వెనక్కి జరిగింది.

"బట్టలు కుట్టి బతికేదానివి, సూదంటే భయమేంటే?"

"ఆ సూది గుడ్డలోకి పోతుందక్కా, నాలోకి కాదు."

"పోనీ నేను పొడుస్తాలే."

"నీ చేతులు చూసుకున్నావా? టీ కప్పు కూడా నీ చేతిలో నాట్యం చేస్తుంది!"

నవ్వుకున్నాం. ఫ్రిజ్ సన్నగా మూలుగుతోంది. కిటికీ వెలుగు నేల మీద నీళ్ళలా కదులుతుంటే నా కళ్ళు బరువెక్కాయి. నాన్న కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అన్నయ్య గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఇద్దరూ ఆ మచ్చల కళ్ళతో బల్ల మీది పెన్ను కేసి చూస్తున్నారు. ఎంతసేపటికీ వెళ్ళడం లేదు. అలాగే ఉండిపొమ్మనాలని నోరు తెరిచాను.

చెప్పుల చప్పుడుకి మెలకువ వచ్చింది. చెల్లి గుమ్మంలో ఉంది.

"ఇవాళ వద్దులే అక్కా. రేపొస్తా."

అన్నయ్య అన్న మాటే. చేతికందిన దిండుని ఎత్తి చూపించాను.

"దీని గలీబు చినిగిందే. కాస్త కుట్టి వెళ్ళు."

"చుట్టపుచూపుకి వచ్చినా పని చెప్పకుండా ఉండలేవు కదా!" అంటూ చెప్పులు విడిచింది.

సూదీ దారం ఇచ్చాను. కుట్టు మీద కుట్టు పడుతుంటే దాని భుజాలు కిందికి దిగాయి, ఊపిరి కుదుటపడింది. కాసేపటికి సూదిని గుడ్డలోనే గుచ్చి ఉంచి, పెన్నును చెంపకి ఆనించి చూసుకుంది.

"చల్లదనం పోయింది," అంది.

మూత లాగింది. కుట్టుమిషను పాదం కింద గుడ్డని బిగించినట్టే పొట్ట మీది చర్మాన్ని వేళ్ళతో బిగించి, పెన్ను నిలువుగా ఆనించి నొక్కింది. టక్కుమంది. పెన్నుకున్న చిన్న కిటికీలోకి పసుపురంగు మెల్లగా దిగసాగింది.

"తియ్యకే, ఇంకా నిండలేదు!"

"అరవకు, నాకు కనిపిస్తోంది."

కిటికీ నిండా పసుపుపచ్చన. దాని రెప్పల మీది రంగే.

"అయిపోయిందా? దీనికా నన్నింత కంగారు పెట్టావు!" అని నా మీదే ఎగిరింది.

అది చెప్పులు వేసుకుంటుంటే గలీబు గుర్తొచ్చింది.

"ఏమే, సగంలో వదిలేశావు?"

"ఉండనీ. మిగతాది మళ్ళీ ఇంజెక్షన్ నాడు కుడతా. సూది తియ్యకు."

తియ్యలేదు. ఆ దిండుని ఎదుటి కుర్చీలో కూర్చోబెట్టాను. వేలాడే దారం ఫ్యాను గాలికి ఊగుతోంది.